చేతులు కడుక్కోని శాస్త్రజ్ఞుడి ఊరు

మీ ఇంట్లో తాతగారికో, నాయనమ్మగారికో మధుమేహం ఉన్నదనుకోండి. అందరి కాఫీలోనూ రెండేసి చెంచాల పంచదార పడితే, ఆయన కాఫీలో మాత్రం కందిగింజంత మాత్ర ఒకటి పడుతుంది. ఆ మాత్రను మీరెప్పుడైనా దొంగతనంగా నాలిక మీద పెట్టుకుని చూశారా? చూసి ఉంటే మీకు తెలిసే ఉంటుంది: మొదట విపరీతమైన తీపి, ఆ తరవాత నాలిక చివర ఏదో ఇనప ముక్కను నాకినట్టు చేదు. పుల్లఐసు తిని ఇంటికి వస్తే, "అందులో పంచదార ఎక్కడిది, అంతా శాక్రినే!" అని పెద్దవాళ్ళు కేకలెయ్యటం కూడా మీలో కొందరు వినే ఉంటారు. ఆ శాక్రిన్, అనగా సాకరిన్, పుట్టిన ఊరు ఒకటి ఉన్నది. ఆ ఊరు చూసివద్దాం, రండి.

అమెరికాలో తూర్పు తీరాన మేరీలాండ్ రాష్ట్రం ఉన్నది. అందులోకెల్లా పెద్ద పట్టణం బాల్టిమోర్. పెటాప్స్కో అనే నది సముద్రపు పాయలో కలిసేచోట ఈ ఊరు వెలసింది. ఓడలు సముద్రం నుంచి ఊరి నడిబొడ్డు దాకా రాగలవు. 2024 మార్చి 26 తెల్లవారుజామున ఒక పెద్ద సరుకుల ఓడ ఢీకొని ఇక్కడి పొడుగాటి వంతెన కూలిపోయిన సంగతి పత్రికలలో చదివే ఉంటారు. ఆ ఓడను నడిపే సిబ్బంది దాదాపు అందరూ మన దేశం వాళ్ళే.

చీకటిపడే వేళకు రేవు ఒడ్డున నిలబడితే ముందు మీ కంటపడేది ఒక ఎర్రని దీపాల పలక. అది 120 అడుగుల పొడుగు, 70 అడుగుల ఎత్తు. దాని మీద ఒక పంచదార కంపెనీ పేరు వెలుగుతూ ఉంటుంది. "డామినో షుగర్స్" అని రాసి ఉన్న ఈ పలకను 1951లో కట్టారు. 2021లో పాత దీపాలు తీసేసి కొత్తరకం దీపాలు పెట్టారు. ఆ ఎర్రని వెలుగు నీటిలో పడి ఊగుతూ ఉంటే ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ ఆగి చూస్తారు. పలక కింద ఉన్నది పంచదార శుద్ధిచేసే కర్మాగారం. అది 1922 నుంచీ పనిచేస్తున్నది. దూరదేశాల నుంచి ఓడల్లో వచ్చే ముడి చక్కెరను రోజుకు సుమారు 30 లక్షల కిలోల దాకా అక్కడ తెల్లగా మార్చగలరు.

ఇందులో విచిత్రమేమంటే, పంచదారకు ఇంత పెద్ద దీపం వెలిగించిన ఈ ఊళ్ళోనే పంచదారకు మొట్టమొదటి పోటీదారు పుట్టింది. అది పుట్టటానికి కారణం కూడా పంచదారే!

1870ల చివరిలో బాల్టిమోర్‌లోని ఒక వర్తక సంస్థ విదేశాల నుంచి పంచదార తెప్పించింది. అది స్వచ్ఛమైనది కాదని ప్రభుత్వం వారు పట్టుకున్నారు. వ్యవహారం కోర్టుకెక్కింది. ఆ పంచదారను పరీక్షించి సాక్ష్యం చెప్పటానికి వర్తకులు కాన్‌స్టాంటిన్ ఫాల్‌బర్గ్ అనే యువకుణ్ణి పిలిపించారు. ఇతను రష్యాలో పుట్టినవాడు, చక్కెర పరీక్షలలో దిట్ట. కాని పరీక్షలు చెయ్యటానికి ప్రయోగశాల కావాలి గదా! అప్పటికి ఆ ఊళ్ళో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పెట్టి ఎంతో కాలం కాలేదు. అక్కడ రసాయన శాస్త్రాచార్యుడు ఐరా రెమ్సెన్. ఆయన ప్రయోగశాలలో ఫాల్‌బర్గ్‌కు చోటు దొరికింది.

పంచదార పరీక్షలు అయిపోయినై. కోర్టులో విచారణ ఎప్పటికో గాని రాలేదు. ఊరికే కూచోలేక ఫాల్‌బర్గ్ రెమ్సెన్‌గారి పనిలో సాయం చెయ్యసాగాడు. ఆయన పరిశోధనలన్నీ తారు మీద. రాక్షసి బొగ్గును కాల్చి కోకుబొగ్గు చేసేటప్పుడు దిగే నల్లని తారు నుంచి అనేక పదార్థాలు తియ్యవచ్చు. వాటితో రంగులు చేస్తారు, మందులు చేస్తారు. తారు నుంచి తీపి వస్తుందని మాత్రం ఎవరూ కలగనలేదు.

ఒకనాడు ఫాల్‌బర్గ్ పనిలో మునిగిపోయి భోజనం సంగతి మరిచాడు. బాగా పొద్దుపోయాక గుర్తువచ్చి, చేతులైనా కడుక్కోకుండా పరుగెత్తాడు. కూచుని రొట్టెముక్క తుంచి నోట్లో పెట్టుకుంటే చెప్పలేనంత తీపిగా ఉన్నది. ఏదో తీపిరొట్టె కాబోలుననుకున్నాడు. నీళ్ళు పుక్కిలించి, మీసాలు గుడ్డతో తుడుచుకున్నాడు. గుడ్డ రొట్టెను మించిన తీపి! మళ్ళీ గ్లాసెత్తాడు. తన వేళ్ళు తగిలిన చోటనే పెదవి ఆనింది. నీళ్ళు పానకంలాగా ఉన్నై. అప్పుడు బొటనవేలు నాకి చూసుకున్నాడు. అతను అంతవరకూ తిన్న మిఠాయిలేవీ ఆ వేలికి సాటిరావు.

అతను భోజనం వదిలేసి ప్రయోగశాలకు పరుగెత్తాడు. బల్ల మీద ఉన్న ప్రతి గాజుపాత్రలోదీ రుచి చూశాడు. ఒకదానిలో ఆ తీపి దొరికింది! ఈ కథ తరవాత అతనే చెప్పాడు. ఆ పాత్రలలో దేనిలోనూ విషంగాని, నోటిని కాల్చే ఆమ్లంగాని లేకపోవటం తన అదృష్టమని కూడా చెప్పాడు. మీ బడిలో రసాయనాల గదిలోకి పోయినప్పుడు ఫాల్‌బర్గ్ చేసిన పని మాత్రం చెయ్యకండి. ఆ కాలంలో అలాటి పని చేసి చచ్చిపోయినవాళ్ళ కథలు ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ పదార్థమే సాకరిన్. అది పంచదారకు సుమారు 300 రెట్లు తీపి. రెమ్సెన్, ఫాల్‌బర్గ్ ఇద్దరూ కలిసి ఈ సంగతి శాస్త్ర పత్రికలలో ప్రకటించారు. కాని ఆ తరవాత ఫాల్‌బర్గ్ ఒక్కడే తన పేర పేటెంటు హక్కులు తీసుకుని, జర్మనీలో మాగ్డెబర్గ్ పట్టణం దగ్గిర కర్మాగారం పెట్టి ధనికుడైపోయాడు. రెమ్సెన్‌గారికి డబ్బు మీద ఆశ లేదు గాని, తన ప్రయోగశాలలో జరిగినదానికి తన పేరైనా లేకుండా చేశాడని బతికినంత కాలమూ ఆయనకు కోపం పోలేదు. ఎవరిది న్యాయమో మీరే ఆలోచించండి. ప్రయోగశాల, పరిశోధన దారి ఆచార్యుడివి. చెయ్యి కడుక్కోవటం మరిచింది మాత్రం శిష్యుడే!

ఇంత తీపి ఒంటికి ఏం చేస్తుంది? ఈ ప్రశ్న ఫాల్‌బర్గ్‌కూ వచ్చింది. అతను ఒకేసారి 10 గ్రాముల సాకరిన్ మింగి 24 గంటలు కనిపెట్టుకుని ఉన్నాడు. ఏమీ కాలేదు. తిన్నది దాదాపు తిన్నట్టే మూత్రంలో బయటికి పోయింది. ఇది నిజమే. పంచదార ఒంట్లోకి పోతే విడిపోయి, రక్తంలో కలిసి, బలంగానో, కొవ్వుగానో మారుతుంది. సాకరిన్ అలా మారదు. నాలిక మీద తీపిని పసికట్టే చోట్లు ఉన్నై. అవి తాళాలవంటివి. పంచదార ఆ తాళానికి సరిపడే తాళంచెవి. సాకరిన్ దొంగ తాళంచెవి, కాని తాళం ఇంకా సులువుగా తీస్తుంది! నాలిక "తీపి వచ్చింది" అంటుంది. ఒంటికి మాత్రం ఏమీ ముట్టదు. మధుమేహం ఉన్నవాళ్ళకు రక్తంలో చక్కెర ఎక్కువ కావటమే బాధ గనక, ఇది వాళ్ళకు వరమైంది.

అయితే ఒక మనిషి ఒకరోజు తిని బాగున్నంత మాత్రాన అది అందరికీ, అన్నాళ్ళకూ మంచిదని చెప్పగలమా? చెప్పలేం. ఈ విషయం మీద అమెరికాలో నూరేళ్ళు తగాదా జరిగింది.

1908లో ఆహార పరీక్షల అధికారి హార్వే వైలీ సాకరిన్‌ను నిషేధించాలని పట్టుపట్టాడు. అప్పటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టుకు ఆయన వైద్యుడు రోజూ సాకరిన్ ఇస్తూండేవాడు. వైలీ ఆయన ఎదటనే సాకరిన్ హానికరమన్నాడు. అధ్యక్షుడికి ఒళ్ళు మండిపోయింది! ఆయన ఒక పండితసంఘాన్ని ఏర్పాటుచేసి విచారించమన్నాడు. దానికి అధ్యక్షుడెవరో తెలుసా? రెమ్సెన్! తన శిష్యుడు తన్నుకుపోయిన వస్తువు మీదనే ఆయన తీర్పు చెప్పవలసివచ్చింది. ఆయన పగ తీర్చుకోలేదు. కొద్ది మోతాదులో దానివల్ల హాని లేదని సంఘం తేల్చింది. అయినా 1912లో తయారుచేసి అమ్మే ఆహారాలలో దాన్ని ఆపేశారు. అది విషమని కాదు, బలమిచ్చే పంచదారకు బదులు బలమివ్వనిది కలిపితే కొనేవాణ్ణి మోసగించినట్టని. తరవాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. పంచదారకు కరువొచ్చింది. అప్పుడు సాకరిన్‌కు మళ్ళీ గిరాకీ వచ్చింది.

అసలు తుఫాను 1977లో రేగింది. కెనడాలో శాస్త్రజ్ఞులు ఎలకలకు సాకరిన్ పెట్టి పెంచారు. మగ ఎలకలలో కొన్నిటికి మూత్రకోశంలో పుట్టకురుపు వచ్చింది. అమెరికా ఆహార ఔషధ శాఖ సాకరిన్‌ను నిషేధించబోతున్నట్టు ప్రకటించింది. ఆ ఎలకలు తిన్నంత మోతాదు మనిషికి రావాలంటే, రోజుకు సుమారు 800 డబ్బాల తీపి పానీయం తాగాలని కూడా ఆ శాఖవారే లెక్కచెప్పారు. జనం గొల్లుమన్నారు.

ఈ నవ్వు వెనక ఏడుపు కూడా ఉన్నది. సైక్లమేట్ అనే మరో తీపి పదార్థాన్ని 1969లోనే అక్కడ నిషేధించారు. ఇవాళ దొరికే తక్కినవేవీ అప్పటికి బజారులోకి రాలేదు. మిగిలింది సాకరిన్ ఒక్కటే. మధుమేహం ఉన్న పసిపిల్లల తల్లిదండ్రుల సంగతి ఆలోచించండి. వాడితే రేపు పుట్టకురుపు వస్తుందేమోనని భయం. వాడకపోతే, తోటిపిల్లలు మిఠాయి తింటూంటే తమ పిల్లవాడు చూస్తూ నిలబడాలి. ప్రజాప్రతినిధుల సభకు లెక్కలేనన్ని ఉత్తరాలు వచ్చినై. సభవారు నిషేధాన్ని వాయిదావేసి, ప్రతి పొట్లం మీదా ఒక హెచ్చరిక అచ్చువెయ్యమన్నారు. ప్రయోగశాల జంతువులలో ఇది పుట్టకురుపు కలిగించిందని దాని సారాంశం. ఆ హెచ్చరిక చూస్తూనే జనం 23 ఏళ్ళు కాఫీ తాగారు.

ఈ లోపల శాస్త్రజ్ఞులు ఎలకల రహస్యం విప్పారు. మగ ఎలక మూత్రంలో మాంసకృత్తులు చాలా ఎక్కువ. దానికి విపరీతంగా సాకరిన్ పెడితే, మూత్రంలో సన్నని ఇసకవంటి పలుకులు తయారవుతై. అవి మూత్రకోశపు గోడలను గీకుతూంటే, గోడలు తిరిగి తిరిగి పెరిగి, చివరకు పుట్టకురుపు లేస్తుంది. మనిషి మూత్రం అటువంటిది కాదు. ఏళ్ళ తరబడి సాకరిన్ వాడిన మధుమేహ రోగులలో కూడా ఆ జబ్బు ఎక్కువగా కనబడలేదు. 2000లో ఆ హెచ్చరిక తీసేశారు. కెనడా కూడా 2014లో ఆహారంలో సాకరిన్‌ను మళ్ళీ అనుమతించింది. ఎలక చెప్పింది అబద్ధం కాదు. అది ఎలక సంగతి చెప్పింది, మనం మన సంగతి అనుకున్నాం.

నడిచి నడిచి కాళ్ళు నొస్తున్నై గనక రేవు ఒడ్డున ఏ కాఫీ హోటల్లోనైనా కూచుందాం. బల్ల మీద చిన్న గిన్నెలో రంగురంగుల కాగితపు పొట్లాలు ఉంటై. తెల్లనిది పంచదార. గులాబిరంగుది మన సాకరిన్. నీలంది ఆస్పర్టేమ్. పసుప్పచ్చది సుక్రలోజ్. ఆకుపచ్చది స్టీవియా. అమెరికాలో ఎక్కడికి పోయినా సాధారణంగా ఇవే రంగులు.

నీలం పొట్లంలోది 1965లో దొరికింది. అదీ ఒక శాస్త్రజ్ఞుడు కాగితం తియ్యటానికి వేలు నాకితేనే బయటపడింది! పసుప్పచ్చ పొట్లం కథలో మనవాడున్నాడు. 1976లో లండన్‌లో శశికాంత్ ఫడ్నిస్ అనే భారతీయ యువకుడు పంచదారకు క్లోరిన్ కలిపిన పదార్థాలు తయారుచేస్తున్నాడు. పైఅధికారి ఒకదాన్ని "టెస్ట్" చెయ్యమంటే, ఇతను "టేస్ట్" చెయ్యమన్నాడనుకుని నాలిక మీద వేసుకున్నాడు. ఇంగ్లీషు ఉచ్చారణ అంతపని చేసింది. ఇక ఆకుపచ్చ పొట్లంలోని స్టీవియా ఆకును దక్షిణ అమెరికాలో పరాగ్వే ప్రాంతపు గ్వారనీ జాతివాళ్ళు ఎన్నో తరాలుగా నములుతున్నారు. వాళ్ళు ఏ ప్రయోగశాలకూ పోలేదు.

ఈ పొట్లాలు మంచివేనా అని మీ అమ్మగారు అడిగితే ఏం చెబుతారు? ఎంత తింటే, ఎవరు తింటే అనేది ముందు అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి వేసిన నిపుణుల సంఘం సాకరిన్‌కు ఒక హద్దు పెట్టింది. ఒంటి బరువు కిలో ఒక్కింటికి రోజుకు 5 మిల్లీగ్రాములు. బతికినన్నాళ్ళూ రోజూ తిన్నా అంతవరకు భయం లేదని దాని అర్థం. గులాబిరంగు పొట్లం ఒకదానిలో సుమారు 36 మిల్లీగ్రాముల సాకరిన్ ఉంటుంది. లెక్క వెయ్యండి: 60 కిలోల తాతగారికి హద్దు 300 మిల్లీగ్రాములు, అనగా ఎనిమిది పొట్లాలు. 20 కిలోల పిల్లవాడికి 100 మిల్లీగ్రాములే, మూడు పొట్లాలైనా కాదు. పెద్దలకు చాలని వస్తువు పిల్లలకు త్వరగా ఎక్కువైపోతుందని ఈ కూడికలే చెబుతున్నై.

నీలం పొట్లానికి అదే సంఘం పెట్టిన హద్దు కిలోకు 40 మిల్లీగ్రాములు. 2023 జులైలో పుట్టకురుపుల మీద పరిశోధించే అంతర్జాతీయ సంస్థ ఆస్పర్టేమ్‌ను "బహుశా కారణం కావచ్చు" అనే జాబితాలో చేర్చింది. సాక్ష్యం కొద్దిగానే ఉన్నదని కూడా ఆ సంస్థే చెప్పింది. నిపుణుల సంఘం ఆ సాక్ష్యమంతా చూసి పాత హద్దును మార్చనక్కరలేదన్నది. రెండూ వినటానికి విరుద్ధంగా ఉన్నై గాని కావు. ఒకరు పాముకు కోరలున్నవా అని చూశారు, రెండోవారు అది మన ఇంటికి ఎంత దూరంలో ఉన్నదని చూశారు. అయితే ఫినైల్‌కీటొన్యూరియా అనే అరుదైన జబ్బుతో పుట్టే పిల్లలు కొందరున్నారు. వాళ్ళు మాత్రం ఆస్పర్టేమ్ ముట్టకూడదు. ఆ మాట పొట్లం మీదనే రాసి ఉంటుంది.

2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో మాట చెప్పింది. లావు తగ్గటానికని ఈ పదార్థాలు వాడవద్దన్నది. వీటితో పెద్దలకుగాని, పిల్లలకుగాని చాలాకాలం నిలిచే లాభం కనబడలేదట. పైగా వీటిని ఏళ్ళ తరబడి వాడినవారిలో మధుమేహం, గుండెజబ్బు కాస్త ఎక్కువగా కనిపించినై. ఇక్కడొక చిక్కు ఉన్నది. వీధిలో గొడుగులు ఎక్కువగా కనబడిన రోజున వాన ఎక్కువ. అందుచేత గొడుగులే వాన తెచ్చినవంటామా? జబ్బు వస్తుందని భయపడేవాళ్ళే ఈ మాత్రలు ముందుగా మొదలుపెడతారు. ఏది ముందో తేల్చటం కష్టం. కాని 2022లో ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ పరిశోధనాలయంవారు 120 మంది పెద్దలను తీసుకుని, వారిలో కొందరికి రెండు వారాలపాటు ఈ పదార్థాలు ఇచ్చి చూశారు. సాకరిన్, సుక్రలోజ్ తీసుకున్నవారిలో పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు మారినై, కొందరికి రక్తంలో చక్కెర తీరు కూడా మారింది. ఫాల్‌బర్గ్ అనుకున్నట్టు ఇది ఒంట్లోకి వచ్చి, ఎవరినీ పలకరించకుండా పోయే అతిథి కాదేమో!

ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఆ సలహా మధుమేహం ఇదివరకే ఉన్నవారికి వర్తించదు. ఆ మాట వాళ్ళే స్పష్టంగా రాశారు. అందుచేత ఇది చదివి తాతగారి మాత్రల డబ్బా దాచెయ్యకండి. వాటికి బదులు బెల్లం వేస్తే ఫరవాలేదని కొందరంటారు. అది తప్పు. బెల్లం కూడా చాలావరకు పంచదారే. తాతగారి రక్తానికి రెండూ ఒకటే.

ఇంకొకటి మాత్రం తప్పక గుర్తుంచుకోండి. మధుమేహానికి మందో, ఇన్సులిన్ సూదిమందో తీసుకునేవారికి ఒక్కొక్కప్పుడు రక్తంలో చక్కెర మరీ పడిపోతుంది. ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంది. అప్పుడు గులాబి పొట్లం, నీలం పొట్లం, మాత్ర, ఏవీ పనికిరావు. నాలికను మోసగించినట్టు రక్తాన్ని మోసగించలేం. మనిషికి తెలివి ఉండి మింగగలిగితే, వెంటనే నిజమైన పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి పెద్దవాళ్ళను కేకెయ్యాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా డాక్టరు కోసం పరుగెత్తాలి. మీ ఇంట్లో అందరూ చక్కెర మానేసినా, ఒక చిన్న డబ్బాలో తెల్ల పంచదార ఎక్కడున్నదో మీకు తెలిసి ఉండాలి.

కుక్కను పెంచుకునే పిల్లలకు మరొక మాట. జైలిటాల్ అనే తీపి పదార్థాన్ని నమిలే బంకలలో కలుపుతారు. మనిషికి అది పళ్ళు పుచ్చకుండా మేలుచేస్తుంది గాని, కుక్క తింటే దాని రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోయి చచ్చిపోవచ్చు.

కాఫీ అయిపోయింది గదా, ఊరు వదిలేముందు ఇంకొక చోటు చూద్దాం. ఆ రోజుల్లో విశ్వవిద్యాలయం ఊరి నడుమ హోవర్డ్ వీధిలో ఉండేది. తరవాత ఉత్తరంగా హోంవుడ్ అనే చోటికి మారింది. అక్కడ రసాయన శాస్త్ర భవనానికి రెమ్సెన్ పేరే పెట్టారు. ఆయన 1901లో ఆ విశ్వవిద్యాలయానికే అధ్యక్షుడై, 1927లో పోయారు. ఆయన చితాభస్మాన్ని ఆ భవనం గోడలోనే, ఒక ఫలకం వెనక ఉంచారు. విద్యార్థులు గాజుపాత్రలు పట్టుకుని రోజూ దాని ముందు నుంచే పోతూంటారు. ఫాల్‌బర్గ్ 1910లోనే జర్మనీలో చనిపోయాడు.

బయటికి వచ్చేసరికి చీకటిపడింది. రేవులో ఎర్రదీపాలు వెలిగినై. ముడి చక్కెర తెచ్చిన ఓడ ఒకటి ఆ పలక కిందనే ఆగి ఉన్నది.